పిలిస్తేనే తినే ఇల్లు

మొన్న ఆదివారం లండన్ పక్కనున్న స్లౌలో మా ఆయన స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళది భీమవరం, మర్యాదలకి లోటు చెయ్యని మనుషులు. స్నేహితుడి భార్య గుత్తివంకాయ, పప్పుచారు, వడియాలు అన్నీ వడ్డించి పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళింది. వాళ్ళ పిల్లలిద్దరూ ఫోన్లు చూసుకుంటూ తినడం మొదలుపెట్టేశారు. మా ఆయన అప్పటికే రెండో ముద్దలో ఉన్నాడు. నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కంచం వంక చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తిరిగొచ్చి నా కంచం చూసి కంగారుపడింది. వంకాయ పడదా అంది, కారం ఎక్కువైందా అంది. ముట్టుకోని కూరలో కారం సంగతి నాకేం తెలుస్తుంది? ఏదో నసిగి గబగబా కలుపుకున్నాను.

తిరిగొస్తుంటే కారులో మా ఆయన, "మళ్ళీ ఆ చైనా పిల్లేనా?" అన్నాడు. ఆ పిల్లేనని ఒప్పుకున్నాను. పెళ్ళైన కొత్తలో మా అత్తగారింట్లో కూడా ఇలాగే కూర్చుంటే, కొత్తకోడలికి తలపొగరు అని ఆవిడ చాలాకాలం అనుకున్నారట. పొగరూ కాదు, పాడూ కాదు. నన్ను ఎవరైనా తినమని పిలవాలి. పిలవకపోతే చెయ్యి లేవదు. ఈ జబ్బు నాకు మాంచెస్టర్‌లో అంటుకుంది.

అక్కడ ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒక చైనా కుటుంబం ఇంట్లో మేడ మీద వెనకగది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయన ట్రామ్ డ్రైవరు. ఇంటావిడ చైనాటౌన్‌లో ఒక బేకరీలో పనిచేసేది. ఇంటాయన తల్లి కూడా వాళ్ళతోనే ఉండేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, అప్పుడు పదిహేనేళ్ళు. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. బళ్ళో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండేవి దానికి. బడిలో పేరుతో ఇంట్లో పిలిస్తే పలికేది కాదు. ఇంట్లో పేరుతో వీధిలో పిలిస్తే కొరికేసేలా చూసేది. ఏది రాసినా రెండో పేరు అలుగుతుంది, ఎందుకొచ్చిన గొడవ.

సాయంత్రం భోజనం నాకు వాళ్ళతోనే. మొదటి రోజు గిన్నెలో అన్నం పెట్టగానే, ఆకలి మీద ఉన్నానేమో, చెంచా పట్టుకున్నాను. పెద్దావిడ నా వంక చూసి నవ్వింది గానీ ఎవరూ కదల్లేదు. నాకేం పాలుపోలేదు, చెంచా మెల్లగా కింద పెట్టాను. అప్పుడా పిల్ల కళ్ళు పైకి తిప్పి, ఒక్క గుక్కలో ఏదో గొణిగింది. పెద్దావిడ "ఊఁ" అంది. తండ్రి "ఊఁ" అన్నాడు. తల్లి "ఊఁ" అంది. ఆ తర్వాతే చాప్‌స్టిక్స్ లేచాయి.

సంగతేమిటంటే, వాళ్ళింట్లో అన్నం ముందు కూర్చున్నాక చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని వరసపెట్టి పిలిచి తినమని చెప్పాలి. నాయనమ్మా అన్నం తిను, నాన్నా అన్నం తిను, అమ్మా అన్నం తిను. ఆ పిల్ల వాళ్ళ భాషలో అనేది, నేను మన మాటల్లో రాస్తున్నాను. పిలిపించుకున్నవాళ్ళు ఊఁ కొట్టాలి. అందరికంటే పెద్దవాళ్ళు ఊఁ అనేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. ఇంట్లో చిన్నది అదే కాబట్టి రోజూ ఆ డ్యూటీ దానిదే. రెండో రోజు పెద్దావిడ నన్ను గడ్డంతో చూపించి ఏదో చెప్పింది. పిల్ల నిట్టూర్చి చివర్లో నన్ను కూడా కలిపింది. అక్కా, అన్నం తిను.

ట్రామ్‌లో రాబోయే స్టాపు పేరు చెప్పే గొంతుకి ఎంత ప్రేమ ఉంటుందో, ఆ పిలుపులోనూ అంతే ఉండేది. అయినా సరే, ఒంగోలు వదిలి వచ్చి, రోజంతా లైబ్రరీలో ఎవరితోనూ మాట్లాడకుండా గడిపి, ఇంటికొచ్చాక ఎవరో ఒకరు నన్ను వరసపెట్టి పిలిచి అన్నం తినమంటుంటే ప్రాణం లేచొచ్చేది. ఆ మాట కోసమే ఆకలేసేది.

ఆ పిల్లకి మాత్రం ఇంట్లో ప్రతిదీ తలవంపులే. దానికి ఇష్టమైన మాట 'ఎంబరాసింగ్'. స్నేహితురాళ్ళు వస్తున్నారంటే ముందు వాకిట్లో ఉన్న చెప్పుల బుట్ట మాయమయ్యేది. ఆ ఇంట్లో బూట్లు విప్పి, బుట్టలోంచి గుడ్డ చెప్పులు తీసి తొడుక్కోవాలి. అది వాళ్ళకి చెప్పడం నామోషీ. అలాగని బూట్లతో తొక్కుతుంటే చూస్తూ ఊరుకోనూ లేదు. వాళ్ళు లోపలికి నడుస్తుంటే వెనకాలే తడిగుడ్డ కాలి కింద పెట్టుకుని, ఊరికే నడుస్తున్నట్టు నటిస్తూ నేల తుడుచుకుంటూ వచ్చేది. నాకు నవ్వాగేది కాదు.

వంటింట్లో రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది. తల రుద్దుకోవడానికి ఏ రోజు మంచిది, ప్రయాణానికి ఏ రోజు కాదు, అన్నీ అందులో ఉంటాయి. పెద్దావిడ అది చూడనిదే గుమ్మం దాటేది కాదు. ఎవరైనా వస్తే పిల్ల దాన్ని గోడ వైపు తిప్పేసేది. ఒకసారి మా అమ్మ ఫోన్లో, ఈ రోజు వర్జ్యం ఉంది, ఇంటర్వ్యూకి పదిన్నర దాటాక బయల్దేరు అని చెబుతుంటే ఆ పిల్ల పక్కనే ఉంది. అమ్మ ఏమంటోందని అడిగితే చెప్పాను. చాలాసేపు నన్ను పరీక్షగా చూసి, "మీకూ ఉందా ఇది?" అంది. ఆ రోజు నుంచి నాతో కాస్త చనువుగా ఉండేది.

తండ్రి నడిపే ట్రామ్ ఎక్కేది కాదు. ఆయన అద్దంలోంచి చూసి, స్టాపులో ఉన్న కూతురికి చెయ్యెత్తి పెద్దగా ఊపుతాడు. అది ఫోన్లో తల దూర్చి, ఆ ట్రామ్ వెళ్ళిపోయాక వెనక వచ్చేది ఎక్కేది. చలిలో, వానలో కూడా అంతే. ఒకసారి నేనూ దానితో పాటు స్టాపులో తడుస్తూ నిలబడ్డాను. పక్కన ఒకావిడ, ఈ డ్రైవర్లకి టైమంటే లెక్కలేదని విసుక్కుంది. అంతే, ఈ పిల్ల గిర్రున తిరిగి, వెనక స్టాపులో వీల్‌చెయిర్‌లో ముసలాయన్ని ఎక్కించుకోవడానికి ఆగి ఉంటాడు, మా నాన్న ఎవరినీ వదిలేసి రాడు, అంది. ఆవిడ సారీ చెప్పింది. అంత పొగిడిన తండ్రి ట్రామ్ వచ్చి ఆగితే మాత్రం ఎక్కలేదు.

దాని అభిమానం ఎటునుంచి వచ్చి పడుతుందో తెలిసేది కాదు. ఒక శనివారం వాళ్ళకి నా చేతి వంట తినిపించాలని గోబీ మంచూరియా చేశాను. మీ వంటే చేశాను, చూడండి అని గొప్పగా బల్ల మీద పెట్టాను. పెద్దావిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, బాగుందని తలూపి, కొడుకుని ఏదో అడిగింది. ఇది ఇండియాలో ఏ పండక్కి చేసుకుంటారని అడుగుతోంది అన్నాడాయన. ఆ పిల్లకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. మంచూరియా అనేది ఎక్కడో ఉత్తరాన ఉన్న ప్రాంతమట, వాళ్ళకి కాలీఫ్లవర్‌తో సంబంధమే లేదట, వీళ్ళది దక్షిణాన, అక్కడ చేపని ఉత్త ఆవిరి మీద ఉడికించి చేపలాగే ఉంచుతారట, ఇంత కారం, ఇంత కార్న్‌ఫ్లోర్ పోసి దాని మొహం మార్చరట. "ఇంకెప్పుడూ దీన్ని చైనీస్ అనకు" అని వేలు చూపించింది. క్యాలెండరు గోడకి తిప్పేసే పిల్లేనా ఇది అని నేను నోరు తెరుచుకుని విన్నాను. అంతసేపూ తిడుతూనే గిన్నె ఖాళీ చేసింది.

నాయనమ్మంటే దానికి ప్రాణం. కానీ మాట్లాడుకోవడానికి ఇద్దరి మధ్యా భాష చాలేది కాదు. పెద్దావిడకి ఇంగ్లీషు రాదు. మనవరాలికి వాళ్ళ భాష బడిలో చేరేనాటికి ఎంత వచ్చో అంతే వచ్చు. తిను, పడుకో, చలి, వద్దు, రా, పో. అన్నీ చిన్నపిల్లల మాటలే. ఇంగ్లీషులో ఎదుటివాళ్ళని కూర్చోబెట్టి వాదించగల పిల్ల, నాయనమ్మ దగ్గరకొస్తే నాలుగు మాటల్లో అయిపోయేది. పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుని గోళ్ళు కత్తిరిస్తూ ఏదో చెప్పేది. అది సగం అర్థమై, సగం కాక, అన్నిటికీ ఊఁ కొట్టేది. నాతోనూ పెద్దావిడది అదే వరస. ఆవిడ వాళ్ళ భాషలో మాట్లాడేది, నేను తెలుగులో జవాబు చెప్పేదాన్ని. ఎప్పుడూ పేచీ రాలేదు.

పేచీ వేరే దగ్గర వచ్చింది. పరీక్షల ముందు ఒక సాయంత్రం, ఇంటాయనా ఇంటావిడా పనిలో ఉండగా, బడి నుంచి ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. పిజ్జా తెప్పించారు. నేను కూడా ఒక చివర కూర్చున్నాను. అందరూ నవ్వుకుంటూ బల్ల చుట్టూ చేరేసరికి పెద్దావిడ దూది కుట్టిన చేతుల్లేని కోటు వేసుకుని, గిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. వచ్చి తన కుర్చీలో కూర్చుని మనవరాలి వంక చూసింది. పిలుపు కోసం. ఆ అమ్మాయిల ముందు ఆ మాటలు అనడం ఈ పిల్ల వల్ల కాలేదు. ఒకమ్మాయి పెద్దావిడని చూసి హలో అంది, ఇంకో అమ్మాయికి ఎందుకో నవ్వొచ్చింది. ఈ పిల్ల మొహం ఎర్రబడింది. నాయనమ్మ వైపు వంగి వాళ్ళ భాషలో, "పైకి పో" అంది.

ఇంగ్లీషులో అయితే ఎన్ని రకాలుగా చెప్పేదో. నాయనమ్మా, వీళ్ళు వెళ్ళాక మనిద్దరం తిందాం అనేది. ఏమనుకోకు అనేది. ఆ భాషలో దాని దగ్గర ఉన్నది ఆ మాటే. పెద్దావిడ తలూపి, గిన్నె తీసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆవిడ బల్ల దగ్గరికి రావడం మానేసింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని తినేది. కొడుకు పిలిస్తే, మీరు తినండి, నాకిక్కడ బాగుంది అనేది. కోడలు పిలిచినా అదే. నవ్వుతూనే ఉండేది, మనవరాలి గోళ్ళు కత్తిరిస్తూనే ఉండేది, బల్ల దగ్గరికి మాత్రం రాదు. పిల్ల పిలుపు 'నాన్నా, అన్నం తిను' దగ్గర మొదలయ్యేది. మొదటి పేరు లేని ఆ పిలుపు వింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. దానికీ దిగేది కాదని గిన్నె చూస్తే తెలిసేది.

ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, నాయనమ్మని మళ్ళీ బల్ల దగ్గరికి తేవాలంటే ఏం చెయ్యాలి అంది. క్షమించు అనడానికి వాళ్ళ భాషలో ఏమంటారో దానికి తెలియదు. అమ్మానాన్నలని అడిగితే పైకి పొమ్మన్న మాట బయటపడుతుంది. ఆ భాష ఒక్క ముక్క రాని నన్ను అడుగుతోంది. అడగడానికి నేను తప్ప ఎవరూ దొరకనంత ఒంటరిగా ఉందని తెలిసి జాలేసింది. నేను పెద్ద ఆరిందాలా, ఇది అలక, మాకు బాగా తెలుసు అన్నాను. మా నాయనమ్మ అలిగితే మేం వెళ్ళి చెయ్యి పట్టుకుని, బుజ్జగించి, బతిమాలి తీసుకొచ్చేవాళ్ళం, నువ్వూ వెళ్ళి అలాగే చెయ్యి అన్నాను. పాపం వెళ్ళింది. చెయ్యి పట్టుకుని "రా, రా" అంది. పెద్దావిడ దాని చెంప నిమిరి, చేతిలో కమలాఫలం పెట్టి పంపించింది. మన వైద్యం పనిచెయ్యలేదు.

పనిచెయ్యకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. ఇంటాయన ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, తల్లి దగ్గర చాలాసేపు కూర్చుని మాట్లాడి, ముందుగదిలోకి వచ్చాడు. అక్కడ నేనూ, ఆ పిల్లా ఉన్నాం.

"మా అమ్మకి కోపమేం లేదు," అన్నాడు నాతో. మాటలు నాకు చెబుతున్నా, ఎవరికి చెబుతున్నాడో ముగ్గురికీ తెలుసు. "ఆ రోజు తను పైకి వెళ్ళాక పిల్ల బాగా నవ్విందట. మెట్ల మీద నుంచి విన్నదట. నేను లేకపోతే దానికి హాయిగా ఉంది, నాకిప్పుడు ఆ పాటి సాయం తప్ప ఇంకేం చేతనవుతుంది అంటోంది."

ఆ పిల్ల లేచి బయటికి వెళ్ళిపోయింది. వాన పడుతోంది, కోటు కూడా వేసుకోలేదు. కోపమైతే ఎప్పటికో ఒకప్పటికి దిగుతుంది. ప్రేమతో పక్కకి తప్పుకున్న మనిషిని వెనక్కి తేవడం ఎలాగో నాకూ తెలియలేదు.

పరీక్షలయ్యాక అదే ముగ్గురు అమ్మాయిలు మళ్ళీ వస్తున్నారని తెలిసింది. చెప్పుల బుట్ట యథాప్రకారం మాయమైంది. క్యాలెండరు గోడ వైపు తిరిగింది. ఇంకేముంది, మారిందేమీ లేదనుకున్నాను. ఇంటాయన డ్యూటీలో ఉన్నాడు. ఇంటావిడ పిజ్జాలతో పాటు ఆవిరి మీద ఉడికిన చేప కూడా బల్ల మధ్యలో పెట్టింది. తలుపు గంట మోగగానే పెద్దావిడ తన గిన్నె తీసుకుని వంటింట్లో స్టూలు మీదికి చేరింది.

అమ్మాయిలు తలో పిజ్జా ముక్కా తీసుకున్నారు. ఈ పిల్ల, "కింద పెట్టండి" అంది. వాళ్ళు ఏమిటన్నట్టు చూశారు. ఇది కుర్చీలో వంటింటి వైపు తిరిగి కూర్చుని పిలిచింది.

"నాయనమ్మా, అన్నం తిను."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. మళ్ళీ పిలిచింది. ఈసారి లోపలి నుంచి పెద్దావిడ గొంతు మెల్లగా ఏదో చెప్పింది. మీరు తినండమ్మా, నా కోసం ఆగకండి అంటోందని ఇంటావిడ నాకు గుసగుసగా చెప్పింది. ఒక అమ్మాయి పిజ్జా ముక్క చేతిలోనే పట్టుకుని, ఏమైంది, ప్రాబ్లమా అని అడిగింది.

"మా నాయనమ్మ ఊఁ అనాలి," అంది ఈ పిల్ల. "అప్పటిదాకా ఎవరూ తినరు. మా ఇంట్లో అంతే."

మా ఇంట్లో అంతే అన్న మాట ఇంగ్లీషులో దాని నోట వినడం నాకదే మొదలు. సిగ్గు పోయింది కాబట్టి అనగలిగింది అనుకుంటే పొరపాటు. చెవులు కందిపోయి ఉన్నాయి, చేతులు బల్ల కింద పిసుక్కుంటోంది. సిగ్గు గొంతు దాకా ఉంది, ఉండగానే పిలుస్తోంది. లోపలి నుంచి పెద్దావిడ ఇంకేదో సర్దిచెప్పింది. దానికి బదులు చెప్పే భాష ఈ పిల్ల దగ్గర లేదు. నువ్వు లేకపోతే నాకు హాయి కాదు అని చెప్పలేదు. నువ్వు విన్న నవ్వు అలాంటిది కాదు అని చెప్పలేదు. చేతనైన వాక్యం ఒక్కటే, దాన్నే మళ్ళీ అంది. ఇంకోసారి అంది. నాయనమ్మా, అన్నం తిను. చివరికొచ్చేసరికి కళ్ళు నిండాయి.

అమ్మాయిలు ముగ్గురూ ముక్కలు ప్లేట్లలో పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. చీజ్ గడ్డకట్టుకుపోతోంది. ఇంటికొచ్చిన పరాయి పిల్లలు ఎదురుగా తిండి పెట్టుకుని తినకుండా కూర్చోవడం, అదీ తన వల్ల. పెద్దావిడ దేన్నైనా ఓర్చుకుంటుంది గానీ దీన్ని ఓర్చుకోలేదు. స్టూలు జరిగిన చప్పుడైంది. గిన్నె పట్టుకుని, ఏదో సణుక్కుంటూ, చల్లారిన ప్లేట్ల వంక కోపంగా చూస్తూ వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"ఊఁ," అంది గట్టిగా.

ఈ పిల్ల కళ్ళు తుడుచుకోలేదు. వరస పూర్తిచేసింది. అమ్మా, అన్నం తిను. అక్కా, అన్నం తిను. నేను ఊఁ అన్నాను. అమ్మాయిలు హమ్మయ్య అనుకుని ప్లేట్ల వైపు చేతులు చాపారు. పెద్దావిడ అరచెయ్యి ఎత్తి వాళ్ళని ఆపింది. అప్పుడు మనవరాలి వైపు తిరిగి, పేరు పెట్టి పిలిచి, అన్నం తినమంది.

ఆ భాషలో నాకు తెలిసిన మాటలు అవే, రోజూ విన్నవే కాబట్టి పట్టుకున్నాను. అందరినీ పిలిచే ఆ పిల్లని, అందరికంటే చిన్నది కావడం వల్ల, ఆ బల్ల దగ్గర ఎవరూ ఎప్పుడూ పిలవలేదని అప్పుడు తట్టింది నాకు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని పిలవడం వాళ్ళ పద్ధతి కాదు. ఇంటావిడ తలెత్తి అత్తగారి వంక చూసింది.

పక్కనున్న అమ్మాయి, మీ గ్రాన్ ఏమన్నారు అని అడిగింది.

"ఏం లేదు," అంది ఈ పిల్ల. "పిజ్జా చల్లారిపోతోందట."

చెప్పి, ముక్క తీసుకోబోయి ఆగింది. పెద్దావిడ ఇంకా దాని వంకే చూస్తోంది, గిన్నె ముట్టకుండా. అది నాయనమ్మ వైపు తిరిగి, "ఊఁ" అంది.